పొగకి చికిలించిన కన్ను: ఆయిల్ రంగుల్లో భావం పలికే ముఖం వేయడం ఎలా

కొన్నేళ్ల కిందట బంధువుల ఇంట్లో పోయిన పెద్దాయన బొమ్మ వేసిచ్చాను. వాళ్ల దగ్గరున్నది ఒకే ఒక్క పాస్‌పోర్ట్ సైజు ఫోటో. గళ్లు గీసుకుని, కొలతలు తీసుకుని, మీసంలో వెంట్రుకలతో సహా దించాను. చూసినవాళ్లంతా అచ్చు గుద్దినట్టుంది అన్నారు. ఆయన భార్య మాత్రం చాలాసేపు చూసి, "ఆయనే బాబూ, కానీ ఆయన ఇలా ఉండేవారు కాదు" అన్నారు. పోలిక కుదిరింది, మనిషి రాలేదు.

ఆ మాట తర్వాత నా పని పద్ధతి మొత్తం మార్చుకున్నాను. భావం అంటే ముఖం మీద చివర్లో అద్దే నవ్వో, కన్నీళ్లో కాదని నెమ్మదిగా అర్థమైంది. ఆ మనిషి చేసిన పని, మోసిన బరువు ఆ ముఖాన్ని ఎక్కడో ఒకచోట వంచి ఉంటాయి. ఆ వంపును పట్టుకుని మిగతా బొమ్మనంతా దాని చుట్టూ కట్టాలి. ఎలా కట్టాలో ఈ మధ్య వేసిన మా మేనత్త బొమ్మను ముందు పెట్టుకుని చెబుతాను. అత్తది ఆత్రేయపురం దగ్గర ఊరు. నలభై ఏళ్లుగా పూతరేకులు తీస్తోంది.

ముందు కావలసిన సామాను

16×20 అంగుళాల కాన్వాస్ ఒకటి. మొదటిసారి వేస్తున్నవాళ్లు ఇంతకన్నా చిన్నది తీసుకోవద్దు. చిన్న కాన్వాస్ మీద చేయి మణికట్టు దగ్గరే ఆగిపోతుంది, గీతలో ఊపు రాదు. భుజం నుంచి చేయి కదిలితేనే రంగు బతికి ఉంటుంది.

రంగులు ఆరు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), కాడ్మియం రెడ్, బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), అల్ట్రామెరైన్ బ్లూ. వీలైతే ఎలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు) చిన్న ట్యూబ్ ఒకటి. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) తెలుపు, ఎల్లో ఆకర్, వెర్మిలియన్ ఎరుపు, నలుపు, ఈ నాలుగింటితోనే చాలా ముఖాలు వేశాడు. ఆయన బొమ్మల్లో రంగుల కొరత ఎక్కడా కనిపించదు. కొత్తవాళ్లు ఇరవై నాలుగు ట్యూబుల పెట్టె కొనుక్కుని కలపడం నేర్చుకోకుండానే ఆగిపోతారు. ఆ డబ్బుతో మంచి రకం రంగులు ఆరు కొనుక్కోండి. ఒక్కటి మాత్రం అసలు కొనొద్దు. స్కిన్ కలర్ అంటూ దొరికే గులాబీ రంగు ట్యూబ్. మన వాళ్ల చర్మం ఆ రంగులో ఉండదు.

పందివెంట్రుకల బ్రష్‌లు మూడు: ఒకటి అంగుళం వెడల్పుది, ఒకటి అరంగుళం, ఒకటి పావు అంగుళం. సన్న బ్రష్ చివరి రోజు దాకా బయటికి తీయకండి. పాలెట్ నైఫ్ (రంగులు కలపడానికి, గీకడానికి వాడే పల్చటి కత్తి), పాత కాటన్ గుడ్డలు, టర్పెంటైన్, అవిసె నూనె (దుకాణంలో లిన్సీడ్ ఆయిల్ అని అడగాలి), బొగ్గు పుల్లలు, కట్టగా దొరికే తెల్ల కాగితాలు ఉంటే చాలు. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, ఆ వాసన తల పట్టేస్తుంది.

మొదటి మెట్టు: బ్రష్ ముట్టకుండా కూర్చోవడం

అత్త దగ్గరికి మూడు రోజులు ఉత్త చేతులతో వెళ్లాను. ఆమె పని చేసుకుంటుంటే పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. "నా మొహంలో ఏవుందిరా అలా చూత్తన్నావు" అని మొదటి రోజు విసుక్కుంది. రెండో రోజుకి నన్ను మర్చిపోయింది. మీకు కావలసింది ఆ మర్చిపోవడమే. కూర్చోబెట్టి "ఇటు చూడండి" అన్న క్షణం ఎవరైనా ఫోటోకి పెట్టే ముఖమే పెడతారు. అది ఆ మనిషి ముఖం కాదు, నలుగురికీ చూపించుకునే ముఖం.

పూతరేకులు తీయడం చూసినవాళ్లకి తెలుసు, అది వేళ్లతోపాటు కళ్లతో చేసే పని. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట ఉంటుంది. పల్చటి గుడ్డను బియ్యప్పిండి జాలులో ముంచి కుండ మీద ఒక్కసారి పరిచి లాగుతారు. చిటికెలో పొర ఆరి, రేకు లేస్తుంది. అర నిమిషం ఆలస్యమైతే మాడుతుంది, ముందే లాగితే చిరుగుతుంది. అందుకని పొగ ఎటు కొట్టినా అత్త చూపు తిప్పదు. పొయ్యి ఆమెకి కుడి పక్కన. కుడి కన్ను సగం మూసి, ఎడమ కన్నుతో కుండను చూస్తుంది. నలభై ఏళ్లలో ఆ చికిలింపు అక్కడే ఉండిపోయింది. పొయ్యి దగ్గర లేనప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, మనవరాలి జడ వేస్తున్నప్పుడు కూడా కుడి కనురెప్ప ఎడమ రెప్పకన్నా కిందికే ఉంటుంది. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న ముఖం అది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఈ విషయం గమనించలేదు.

మూడో రోజు రాత్రి నోట్‌బుక్‌లో ఒకే వాక్యం రాసుకున్నాను: "పొగలోనూ చూపు తిప్పని మనిషి." మీరు కూడా ఇలాంటిది ఒక్కటి రాసుకోండి. "మంచి మనిషి", "బాధ పడుతున్న స్త్రీ" లాంటివి పనికిరావు, వాటితో బ్రష్ ఏమీ చేయలేదు. శరీరంలో ఎక్కడో ఒకచోట కనిపించే సంగతి ఆ వాక్యంలో ఉండాలి. మెడ, రెప్ప, దవడ, భుజం, ఏదో ఒకటి. ఇక ముందు ప్రతి నిర్ణయానికీ ఆ వాక్యాన్నే అడుగుతాం.

కూర్చోవడానికి ఎవరూ దొరకకపోతే అద్దం ఉంది. డచ్ చిత్రకారుడు వాన్ గో 1886 నుంచి 1888 దాకా పారిస్‌లో ఉన్నప్పుడు మోడల్‌కి ఇచ్చేందుకు డబ్బులు లేక తన ముఖాన్నే ఇరవైకి పైగా సార్లు వేసుకున్నాడు. అదే దేశపు రెంబ్రాంట్ అయితే యవ్వనం నుంచి చనిపోయిన 1669వ సంవత్సరం దాకా తనను తాను వేసుకుంటూనే ఉన్నాడు. పెయింటింగ్‌లు, ఎచింగ్‌లు (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసినవి), డ్రాయింగ్‌లు కలిపి దాదాపు 80 అని లెక్క.

రెండో మెట్టు: వెలుగు ఎటు నుంచి

ఒక్క వైపు నుంచే వెలుగు రావాలి. ట్యూబ్‌లైట్, కిటికీ, ఇంకో గదిలోంచి బల్బు, ఇలా మూడు వైపుల నుంచి పడితే ముఖం పూరీలా చదునైపోతుంది. నీడ లేని చోట భావం పలకడం చాలా కష్టం. మన ఇళ్లలో ఉత్తరం వైపు కిటికీ దొరికితే అదృష్టం. ఏడాదిలో చాలా భాగం అక్కడ నేరుగా ఎండ పడదు కాబట్టి వెలుగు గంటల తరబడి ఒకేలా ఉంటుంది. లేకపోతే వసారాలో ఒక పక్క చాప కట్టి ఆపండి.

ఏ వైపు నుంచి వెలుగు పెట్టాలో మన వాక్యమే చెబుతుంది. అత్త విషయంలో చికిలించిన కన్ను వెలుగులో పెట్టాలా, నీడలో పెట్టాలా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. వెలుగులో పెడితే ముడతలన్నీ లెక్కపెట్టినట్టు కనిపించాయి. చూసేవాళ్లు ముడతల దగ్గరే ఆగిపోతారు. నీడలో పెట్టి తెరిచిన కన్ను వెలుగులోకి తెచ్చేసరికి, ముందు ఆ చూపు కనిపించి, తర్వాత పక్కన ఆ సగం మూసిన రెప్ప నెమ్మదిగా తెలిసింది. ఈ వరసే నాకు కావాలి.

మూడో మెట్టు: బొగ్గుతో చిన్న బొమ్మలు

కాన్వాస్ జోలికి వెళ్లకుండా కాగితం మీద ఇరవై, పాతిక చిన్న బొమ్మలు వేయండి. ఒక్కోటి అరచేతిలో సగం అంత, రెండేసి నిమిషాలు. కళ్లు, ముక్కు, నోరు వేయొద్దు. కళ్లు బాగా చికిలించి చూస్తే ముఖంలో వివరాలన్నీ పోయి రెండే మిగులుతాయి: వెలుగు ముక్క, నీడ ముక్క. ఆ నీడ ముక్క ఆకారాన్ని మాత్రమే నింపండి. వాటిని గోడకి అంటించి గది అవతలి మూల నుంచి చూడండి. కళ్లూ ముక్కూ లేకుండానే ఏదో ఒకటి మనిషిలా పలుకుతుంది. దాన్నే తీసుకోండి.

ఇది వృథా శ్రమ అనుకుని వదిలేసేవాళ్లు చాలామంది. నా మట్టుకు నాకు బొమ్మ బాగోగులు సగం ఇక్కడే తేలిపోతాయి. జర్మన్ చిత్రకారిణి కేథె కోల్విట్జ్ (1867–1945) బొగ్గు బొమ్మలు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లోనే ఆమె చిన్న కొడుకు చనిపోయాడు. తల్లుల ముఖాలు ఆమె అంతకు ముందూ వేసింది, ఆ తర్వాతా వేసింది. చాలా బొమ్మల్లో ముఖమూ, దాన్ని మోస్తున్న చేయీ ఒకే నీడలో కలిసిపోతాయి. కన్నీటి చుక్క వేయాల్సిన పనే రాలేదు. ఆ బరువంతా నల్లటి ఆకారమే మోస్తుంది.

అతిశయం ఎంత ఉండాలో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఉన్నదాన్ని ఉన్నట్టు దించితే బొమ్మలో అది కొంచెం తగ్గి కనిపిస్తుంది, ఎందుకంటే ఎదురుగా ఉన్న మనిషి కదలిక, గొంతు, వాసన బొమ్మలో ఉండవు. ఆ లోటు పూడ్చేంత పెంచాలి. అత్త తల పని చేసేటప్పుడు కాస్త ముందుకు వంగి ఉంటుంది. నేను ఇంకో రెండు వేళ్లంత వంచాను. తల పైభాగం కాన్వాస్ అంచు దాటిపోయేలా పెట్టాను, కుండ మీదికి వంగిన ఇరుకుదనం రావాలని. వాక్యంలో ఉన్నదాన్నే పెంచండి. అన్నీ పెంచితే అది పత్రికలో కార్టూన్ అవుతుంది.

మన చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మల్లోని తెలంగాణ స్త్రీలు ఇంకో దారి చూపిస్తారు. అక్కడ వెలుగునీడల నాటకం పెద్దగా లేదు. నిండైన చదును రంగులు, పెద్ద బొట్టు, పక్కకి తిరిగిన ముఖం, చీర ఎరుపు. ఆ మనుషుల నిబ్బరమంతా ఆకారం, రంగుతోనే వస్తుంది. నీడతోనే భావం రావాలని రూలేమీ లేదు. నాది నీడల దారి కాబట్టి అదే చెబుతున్నాను.

ఫోటో మీద ఆధారపడాల్సి వస్తే

రోజూ గంటలకొద్దీ ఎవరూ కూర్చోలేరు, కాబట్టి ఫోటో తప్పదు. అయితే ఫోన్‌ని ముఖానికి దగ్గరగా పెట్టి తీయకండి. దగ్గరైన కొద్దీ ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోయి, మనిషి వేరేవాళ్లలా తయారవుతారు. ఆరేడు అడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి తీయండి. బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి. ఒక్కటి కాకుండా పదిహేను, ఇరవై తీసుకుని, బొమ్మ వేసేటప్పుడు వాటిని మార్చి మార్చి చూడండి. అప్పుడు కాపీ కొట్టే అలవాటు తప్పుతుంది. ఇంకా, ఫోటోలో నీడలన్నీ నల్లగా వస్తాయి. నిజం నీడలో బోలెడు రంగులుంటాయి, వాటిని మనిషిని చూసే నోట్ చేసుకోవాలి. నేను "చెవి కింద ఊదా, దవడ కింద చీర ఎరుపు పడుతోంది" అని రాసుకుంటాను.

నాలుగో మెట్టు: కాన్వాస్ తెల్లదనం పోగొట్టడం

బర్న్ట్ సియెన్నాను టర్పెంటైన్‌లో టీ నీళ్లంత పల్చగా కలిపి కాన్వాస్ అంతా పూసి, గుడ్డతో తుడిచేయండి. ఒక రోజు ఆరనివ్వండి. తెల్ల కాన్వాస్ మీద ఏ రంగు పెట్టినా ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. మన చామనఛాయ చర్మాలకి ఈ ఎర్రమట్టి నేల చాలా బాగా కుదురుతుంది. తర్వాత పొరల మధ్య అక్కడక్కడ అది తొంగిచూస్తే ముఖంలో నెత్తురు ఆడుతున్నట్టుంటుంది.

ఐదో మెట్టు: అంబర్‌తో నీడ

బర్న్ట్ అంబర్‌ని పల్చగా కలుపుకుని పెద్ద బ్రష్‌తో తల ఆకారం పెట్టండి. కొలతలు గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. తల మొత్తం ఎత్తులో కళ్లు సరిగ్గా సగం దగ్గర ఉంటాయి. కొత్తవాళ్లు పైకి పెట్టేసి నుదురు మింగేస్తారు. రెండు కళ్ల మధ్య దూరం దాదాపు ఒక కన్ను వెడల్పు. చెవి కనుబొమ ఎత్తు నుంచి ముక్కు అడుగు దాకా ఉంటుంది. తల వంగితే ఈ గీతలన్నీ వంపు తిరుగుతాయి. అత్త తల ముందుకు వంగింది కాబట్టి చెవులు కళ్లకన్నా పైకి కనిపించాయి. ఇది ఒప్పుకోవడానికి నా చేతికి అరగంట పట్టింది.

తర్వాత నీడ మొత్తాన్ని ఒకే ముక్కగా నింపండి. కనుగుంట, ముక్కు పక్క, పెదవి కింద, మెడ, అన్నీ ఒక దీవిలా కలిసిపోవాలి. వెలుగు కావలసిన చోట గుడ్డ వేలికి చుట్టుకుని రంగు తుడిచేయండి. తుడవడమూ గీయడమే. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది, అది నూనె త్వరగా ఆరేలా చేస్తుంది. అందుకే ఈ పొర మరుసటి రోజుకే చేతికి అంటకుండా తయారవుతుంది.

ఇప్పుడు బొమ్మను అద్దంలో చూడండి. తిరగబడిన బొమ్మలో తప్పులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఇక్కడ సరిచేయడం అయిదు నిమిషాల పని, రంగు పడ్డాక అయిదు గంటల పని.

ఆరో మెట్టు: మన చర్మం రంగు

ఎక్కువ బొమ్మలు పాడయ్యేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చర్మాన్ని వెలుగు చేయాలంటే తెలుపు కలపాలని అందరూ అనుకుంటారు. గోధుమ రంగు చర్మంలో తెలుపు ఎక్కువైతే వెలుగు రాదు. సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. తెలుపు కలిపితే రంగు చల్లబడుతుంది కూడా, అంటే నీలం వైపు జరుగుతుంది. ముందు ఎల్లో ఆకర్‌తో వెలుగు పెంచండి, అది చాలనప్పుడే బ్రష్ మొనతో తెలుపు.

అత్త రంగు నేను కలుపుకున్న తీరు ఇది. మధ్య రంగుకి బర్న్ట్ సియెన్నా రెండు పాళ్లు, ఎల్లో ఆకర్ ఒక పాలు, అల్ట్రామెరైన్ గోటిమీదంత. ఇది వెచ్చటి బెల్లపు రంగులా వస్తుంది. ఇదే ముద్దని పాలెట్ నైఫ్‌తో మూడుగా విడదీశాను. ఒకదానికి ఆకర్, కాస్త తెలుపు కలిపితే చెంప వెలుగు. రెండోది అలాగే ఉంచాను. మూడోదానికి అల్ట్రామెరైన్, చుక్క ఎలిజరిన్ కలిపితే నీడ. నీడకి నలుపు వాడొద్దు. సియెన్నా, అల్ట్రామెరైన్ కలిపితే వచ్చే ముదురు రంగు నలుపంత లోతుగా ఉంటుంది, పైగా ప్రాణం ఉంటుంది.

ముఖమంతా ఒకే రంగు కాదన్నది ఇంకో సంగతి. నుదురు కాస్త పసుపు వైపు ఉంటుంది. ముక్కు, చెంపలు, చెవులు నెత్తురు దగ్గరగా ఉండి ఎరుపు తిరుగుతాయి. నోటి చుట్టూ, దవడ దగ్గర కొంచెం చల్లగా, మగవాళ్లకైతే గడ్డం వల్ల నీలం తిరిగి ఉంటుంది. ఈ మూడు పట్టీలు పట్టుకుంటే పల్చటి తేడాలతోనే ముఖం నిండుగా వస్తుంది. ముదురు చర్మం మీద మెరుపు ఎప్పుడూ వెలుగు రంగులోనే ఉంటుంది. కిటికీలోంచి ఆకాశం వెలుగు పడితే నుదుటి మీద ఆ మెరుపు లేత నీలంగా కనిపిస్తుంది. అత్త నుదుటి మీద ఒక్క దెబ్బ బూడిద నీలం పెట్టగానే చెమట పట్టినట్టయింది. నేను చెమట అని ఎక్కడా వేయలేదు.

భావం రంగులో కూడా ఉంటుంది. చూసిన రంగులన్నీ పెట్టక్కర్లేదు. మన వాక్యానికి సరిపడే వైపు మొత్తాన్ని జరపొచ్చు. పొగ కాబట్టి నేను వెనక గోడని, నీడలని బూడిద నీలం వైపు జరిపాను. పొయ్యి వైపు దవడ కింద మాత్రం కాడ్మియం రెడ్ కాస్త ఎక్కువగానే పెట్టాను.

రంగు పొరల క్రమం గుర్తుంచుకోండి, పల్చన మీద చిక్కన. కింది పొరల్లో టర్పెంటైన్ ఎక్కువ, పై పొరల్లో నూనె ఎక్కువ ఉండాలి. తిరగేస్తే పై పొర ముందు ఆరి, కింద ఇంకా ఆరుతున్న నూనె కదులుతుంటే, కొన్నాళ్లకి పగుళ్లు వస్తాయి.

ఏడో మెట్టు: అంచులు

బొమ్మలో ప్రతి అంచునూ కత్తితో కోసినట్టు పెడితే కాగితం కత్తిరించి అతికించినట్టుంటుంది. ఎక్కడ చూడాలో అక్కడ అంచు గట్టిగా, మిగతా చోట్ల కరిగిపోతూ ఉండాలి. రంగు పచ్చిగా ఉన్నప్పుడే పొడి బ్రష్‌తో చెంపనీ వెనక గోడనీ ఒక్కసారి కలిపి లాగితే అంచు పోతుంది. అత్త కుడి చెంప, చెవి, జుట్టు గోడలోకి కలిపేశాను. గట్టి అంచు ఒక్కటే ఉంచాను, ఎడమ కంటి పై రెప్ప దగ్గర. రెంబ్రాంట్ ముసలితనంలో వేసుకున్న తన ముఖాల్లో సగం చీకట్లో పోయి ఉంటుంది. ఆ పోయిన సగాన్ని మనమే పూరించుకుంటూ చూస్తాం, అందుకే ఆ ముఖం మనతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: కళ్లు, నోరు

ఇవి ఇంత ఆలస్యంగా ఎందుకంటే, నీడలు సరిగ్గా పడితే ఇవి సగం వచ్చేసి ఉంటాయి. కంటి తెల్లభాగం తెల్లగా ఉండదు. పై రెప్ప నీడ దాని మీద పడుతుంది, కాబట్టి బూడిద రంగే పెట్టండి. రెండు కళ్లూ ఒకేలా వేయొద్దు, ఎవరికీ ఒకేలా ఉండవు.

ఫ్రెంచ్ వైద్యుడు డుషెన్ 1862లో ముఖ కండరాల మీద తన పరిశోధన ప్రచురించాడు. నోటి మూలలు మనం అనుకున్నప్పుడు లేపగలం, కానీ మనస్ఫూర్తిగా నవ్వితేనే కంటి చుట్టూ ఉండే కండరం బిగుస్తుందని ఆయన చెప్పాడు. చిత్రకారుడికి ఇది బంగారంలాంటి మాట. నవ్వు కావాలంటే ముందు కింది రెప్పను చూడండి, అది కాస్త పైకి ఉబ్బుతుంది. పొగకి చికిలించినప్పుడూ అదే కండరం బిగుస్తుంది. కాబట్టి అత్త బొమ్మలో నాకొక చిక్కొచ్చింది, కన్ను నవ్వుతున్నట్టు కనిపించసాగింది. కనుబొమ లోపలి కొసను కాస్త కిందికి, లోపలికి లాగాక గానీ అది శ్రద్ధగా మారలేదు. బొమకి చేసిన మార్పు బియ్యపు గింజంత కూడా లేదు.

నోటికి పెదవుల చుట్టూ గీత గీయకండి. పై పెదవి సాధారణంగా నీడలో, కింది పెదవి వెలుగులో ఉంటాయి. రెండూ కలిసే గీతలో నోటి మూలలు మాత్రం శ్రద్ధగా పెట్టి, మధ్యలో వదిలేయండి.

తొమ్మిదో మెట్టు: గీకడానికి భయపడొద్దు

ఐదో రోజు ఎడమ కన్ను నాకు ఎంతో బాగా వచ్చింది. రెప్పవెంట్రుకలు, కంటి మూల తడి, నల్లగుడ్డులో కిటికీ, అన్నీ. మరునాడు పొద్దున చూస్తే ఆ కన్ను ముఖంలోంచి ఊడి ముందుకొచ్చినట్టుంది. మిగతా అంతా పెద్ద బ్రష్ దెబ్బలు, అక్కడ మాత్రం సూది పని. పాలెట్ నైఫ్ తీసుకుని మొత్తం గీకేశాను. చేయి వణికిందంటే నమ్మండి. గీకాక కాన్వాస్ నేతలో మిగిలిపోయిన మసక మరక చూస్తే, అందులో అత్త చూపు ఉంది. దాని మీద మూడు దెబ్బలే పెట్టాను. రెప్ప నీడ, నల్లగుడ్డు, చిన్న వెలుగు.

బ్రిటిష్ చిత్రకారుడు ఫ్రాంక్ ఆవర్‌బాక్ (1931–2024) ఒకే మనుషుల్ని ఏళ్ల తరబడి కూర్చోబెట్టి, ఆ రోజు వేసింది గీకేసి, మళ్లీ మొదలుపెట్టేవాడు. మనం అంత చేయక్కర్లేదు. కానీ ఒక ముక్క ఎంత బాగున్నా మన వాక్యానికి అడ్డొస్తే తీసేయాలి. బాగా వచ్చిందని ఉంచుకున్న ముక్కలే నా పాత బొమ్మల్ని పాడుచేశాయి.

వీలైతే అసలు బొమ్మల ముందు నిలబడండి. రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి 1925లోనే పోయిన చిత్రకారుడు, మూడు పదులు కూడా నిండలేదు. ముందు దూరం నుంచి చూసి, తర్వాత దగ్గరికెళ్లి రంగు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వదిలేశారో చూడండి. ఫోన్‌లో ఆ సంగతి తెలియదు.

ఎప్పుడు ఆపాలి, తర్వాత ఏం చేయాలి

బ్రష్ పట్టుకుని బొమ్మ ముందు నిలబడి, ఏం చేయాలో తెలియక ఊరికే ఏదో ఒకటి సరిచేస్తున్నారంటే అప్పటికే అయిపోయింది. గోడ వైపు తిప్పి పెట్టి వారం తర్వాత చూడండి. ఒకటో రెండో మార్పులు మాత్రమే తోస్తాయి, అవి చేసి వదిలేయండి.

రంగు పల్చగా ఉంటే వారం, పది రోజుల్లో చేతికి అంటకుండా ఆరుతుంది. మందంగా పెట్టినచోట, అందులోనూ వానాకాలంలో, ఇంకా చాలా పడుతుంది. వార్నిష్‌కి కనీసం ఆరు నెలలు ఆగండి. అవిసె నూనె పీల్చిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకుంటుంది. దండెం మీద విడిగా ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో వేయండి.

అత్తకి బొమ్మ చూపించిన రోజు ఆమె పీట దగ్గరికి లాక్కుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. నాకు టెన్షన్‌గా ఉంది. చివరికి, "నా ముక్కుపుడక ఏదిరా?" అంది. దాని మెరుపు కంటి మెరుపుతో పోటీ పడుతోందని తీసేశాను. వివరించబోయాను. "మీ మావయ్య కొన్నది రా అది" అంది. ఇంటికి తెచ్చుకుని, ఎల్లో ఆకర్‌లో కాస్త అంబర్ కలిపి, మెరుపు లేకుండా, నీడలో ఒక్క చుక్క పెట్టాను.